హెపటైటిస్ సి వైరస్: తెగను తెలిసికొను పరీక్షలు

కామెర్లు అనగానే మనవారికి పసరుమందు జ్ఞప్తికి వచ్చును. కలుషితమైన నీటివలన కలుగు కామెర్లు చాలవరకు తమంతట తామే తగ్గును. ఆ కీర్తి పసరునకు దక్కును. కాని కంటికి పసుపురంగు కానరాకయే, ఇరువది ముప్పది యేండ్లపాటు కాలేయమును లోలోపల గట్టిపరచి చెడగొట్టు వ్యాధి యొకటి కలదు. అదియే హెపటైటిస్ సి. రక్తమునుండి రక్తమునకు సంక్రమించు ఈ వ్యాధిని అనేకులు యాదృచ్ఛికముగా తెలిసికొందురు. రాజోలు, అమలాపురము ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పనికై పోవువారికి ప్రయాణమునకు ముందు జరుపు వైద్యపరీక్షలో ఈ వైరస్ పరీక్షయు చేరియున్నది. అందు 'ఉన్నది' అని వచ్చినచో ఇంటిల్లిపాదియు దిగులు చెందుదురు. ఆపై 'జీనోటైపు పరీక్ష' అను మాట చెవిని పడినచో ఆ దిగులు ఇనుమడించును. ఆ పరీక్ష యేమి, దానిని ఎట్లు చేయుదురు, అది ఎవరికి అవసరము అను మూడు సంగతులను మేమిట వివరింపబూనితిమి.

1989 వరకు ఈ వైరస్‌కు పేరైనను లేదు. 'ఏ కాదు, బి కాదు' అని మాత్రమే వైద్యులు వ్యవహరించుచుండిరి. ఆ సంవత్సరమున అమెరికాలో మైకేల్ హౌటన్ బృందము దానిని గుర్తించెను. ఆయనకును, హార్వీ ఆల్టర్, చార్లెస్ రైస్ అను శాస్త్రజ్ఞులకును 2020 లో నోబెల్ బహుమానము లభించినది. ఈ వైరస్‌నందలి జన్యుపదార్థము ఆర్.ఎన్.ఏ. అది సుమారు 9,600 అక్షరములు గల లేఖ వంటిది. అందు వాడబడు అక్షరములు నాలుగే. నకలు వ్రాయునపుడు తప్పులు దొరలుచుండుటచే కాలక్రమమున వేర్వేరు తెగలు ఏర్పడినవి. ఒక తెగకును మరియొక తెగకును సుమారు మూడవవంతు అక్షరములు భేదించును. ఈ తెగకే జీనోటైపు అని పేరు.

కోనసీమవాసులకు ఇది వింతగాదు. దేశవాళి పొడుగు చెట్టు, గంగాబొండము, ఆ రెంటి కలయికతో అంబాజీపేట పరిశోధన స్థానమున రూపొందిన గోదావరి గంగ: మూడును కొబ్బరియే. నారుమడిలో సంకరజాతి మొక్కను ఏరువారు చెట్టు కాపునకు వచ్చువరకు ఆగరు. ఆకుతొడిమ రంగు వంటి గుర్తులను చూచి నిర్ణయింతురు. ప్రయోగశాలలోను ఇదియే పద్ధతి. లేఖనంతటిని చదువకుండ, తెగను పట్టియిచ్చు కొన్ని పంక్తులను మాత్రమే పరిశీలింతురు.

మొదట రక్తమునుండి తేటను వేరుచేసి చల్లగా నుంచవలెను. ఆర్.ఎన్.ఏ. వేడికి త్వరగా శిథిలమగును. కావున అమలాపురమున తీసిన నమూనా గోదావరి దాటి పెద్ద ప్రయోగశాలను చేరువరకు చల్లని పెట్టెలోనే పయనింపవలెను. అచట ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చి, పి.సి.ఆర్. యను ప్రక్రియచే రెట్టింపు చేయుచు పోదురు. ఒకటి రెండగును, రెండు నాలుగగును. 30 పర్యాయములు ముగియునప్పటికి ఒక్కటి నూరుకోట్లకు మించును. అప్పుడు గాని పరిశీలనకు తగినంత పదార్థము చేకూరదు.

పిదప మూడు మార్గములు కలవు. మొదటిది పట్టీ పరీక్ష. ఒక సన్నని పట్టీపై ఒక్కొక్క తెగకు సరిపడు డి.ఎన్.ఏ. తునకలను గీతలుగా అంటించి యుంతురు. రోగి నమూనా ఏ గీతకు అతుకుకొనునో ఆ గీత రంగు తేలును. రెండవది, పి.సి.ఆర్. జరుగుచుండగనే ఆయా తెగలకు తగిన కాంతి గుర్తులను కలిపి, ఏది వెలుగునో యంత్రముచే చూచుట. మూడవది అన్నిటికంటె నమ్మదగినది: ఎంచుకొన్న భాగమును అక్షరము వెంట అక్షరముగ చదివి, తెలిసిన తెగలతో పోల్చుట. పట్టీకి తనపై గీయబడిన తెగలే తెలియును. క్రొత్తదానిని అది గుర్తింపజాలదు. పంజాబునుండి కెనడాకు వెళ్లిన కొందరిలో 2018 లో ఎనిమిదవ తెగ బయల్పడినది ఈ చదువుటవలననే.

మన దేశమున ఉత్తరాదిని 3-వ తెగ హెచ్చు. దక్షిణాదిని 1-వ తెగకును గణనీయమైన స్థానము కలదు. హైదరాబాదులోని దక్కన్ వైద్య కళాశాల పరిశోధకులు సామాన్య ప్రజల, రక్తదాతల రక్తములను పరీక్షించి ఈ తెగల వ్యాప్తిని 2006 లో ప్రకటించిరి.

ఇక ఎవరికి అవసరమను ప్రశ్న. ఇంటర్‌ఫెరాన్ సూదిమందుతో చికిత్స చేయు దినములలో తెగ తెలియనిదే వైద్యము సాగెడిది కాదు. 1-వ తెగవారికి 48 వారములు, 2, 3 తెగలవారికి 24 వారములు మందు ఈయవలసి యుండెను. నేడు సోఫోస్‌బువిర్‌తో మరియొక మందును చేర్చి యిచ్చు మాత్రలు అన్ని ప్రధానమైన తెగలపైనను పనిచేయుచున్నవి. అధికులకు 12 వారములు చాలును. నూటికి 95 మందికి పైగా స్వస్థులగుదురు. 2018 జూలై 28 న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వము పరీక్షలను, మందులను ఉచితముగ నిచ్చుచున్నది. అందు చికిత్స ఆరంభించుటకు జీనోటైపు తప్పనిసరి కాదు. మునుపటి చికిత్స విఫలమైనపుడును, కాలేయము మిక్కిలి గట్టిపడినపుడును వైద్యుడు దానిని కోరవచ్చును.

అందరికిని తప్పనిసరియైన పరీక్ష వేరు. మొదటి పరీక్షలో కనబడునవి వైరస్‌ను ఎదిరించుటకు శరీరము పుట్టించిన ప్రతిరక్షకములు మాత్రమే. వైరస్ తనంతట తొలగిపోయినను అవి నిలిచియుండును. సుమారు నూటికి ముప్పదిమందిలో అట్లు తొలగిపోవును. కావున వైరస్ నేడు ఉన్నదో లేదో తేల్చు ఆర్.ఎన్.ఏ. పరీక్షను ముందుగా చేయించుకొనవలెను. ఉన్నచో తెగ తెలియలేదని మందును వాయిదా వేయరాదు. ఖరీదైన పరీక్షకు అప్పు చేయుటకు పూర్వము ప్రభుత్వ వైద్యశాలలో విచారింపవలెను. చికిత్స ముగిసిన 12 వారములకు అదే ఆర్.ఎన్.ఏ. పరీక్షను మరల చేయించి నిశ్చింత పొందవలెను.

కలిసి భుజించుటవలనగాని, తాకుటవలనగాని ఈ వ్యాధి అంటదు. ఒకరు వాడిన సూదిని, క్షౌరపు కత్తిని వేరొకరికి వాడకుండుటయే రక్షణ. దీనికి టీకా లేదు. తెగ యేదైనను మందు కలదు. ఆలస్యము చేయుటయే కాలేయమునకు ముప్పు.