పటం అంచున పుట్టిన జాతులు

ఫాంటసీ నవలల్లో, సినిమాల్లో, గేముల్లో ఒక్క రాక్షసుడు సరిపోడు. జాతికి జాతే వికృతంగా కనిపిస్తుంది. ఈ జాతులు ఊరికే ఊహలోంచి ఊడిపడలేదు. తెలిసిన లోకం ముగిసేచోట, కళ్లారా చూడని మనుషుల గురించి చెప్పుకున్న కబుర్లలో పుట్టాయి. క్రీ.పూ. 400 ప్రాంతంలో పారశీక చక్రవర్తి కొలువులో వైద్యుడైన టీసియస్ అనే గ్రీకువాడు, ఇండియాలో అడుగు పెట్టకుండానే దాని మీద పుస్తకం రాశాడు. కొండల్లో కుక్కతలల మనుషులున్నారని, ఇరుగుపొరుగు భాష అర్థమైనా తాము మాత్రం మొరుగుళ్లతో, చేతి సైగలతోనే బదులిస్తారని అందులో వర్ణించాడు. చంద్రగుప్త మౌర్యుడి దగ్గరికి రాయబారిగా వచ్చిన మెగస్తనీస్, పాదాల దాకా వేలాడే చెవుల్లో పడుకునేవాళ్లను జత చేశాడు. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ ఇలాంటివన్నీ ఒకచోట చేర్చాడు. మధ్యయుగపు ఐరోపా వాటిని నమ్మి, పటాల అంచుల్లో బొమ్మలు గీసుకుంది.

ఇవన్నీ గ్రీకుల కోతలేనా? కాదు. మహాభారతం సభాపర్వంలో సహదేవుడి దక్షిణ దిగ్విజయం చూడండి. చెవులే దుప్పటిగా కప్పుకునే కర్ణప్రావరణులు, ఒంటికాలి మనుషులు అక్కడా ఉన్నారు. పాండ్యులు, ద్రావిడులు, ఆంధ్రులు, కళింగులు వరసగా వచ్చే చోటే ఒంటెచెవులవాళ్లూ కనిపిస్తారు. గ్రీకులకు ఇండియా లోకాంతమైతే, ఉత్తరాది కథకుడికి మన దక్షిణాది లోకాంతం. మెగస్తనీస్ ఇక్కడి కబురే విని రాసుకున్నాడని అనుకోవడానికి ఇది బలమైన ఆధారం.

శిలాజాల వల్లే ఈ కథలు పుట్టాయనే వాదన ఒకటుంది. మధ్యధరా దీవుల్లో దొరికే మరుగుజ్జు ఏనుగు పుర్రెకు నడిమధ్య, తొండం మొదలయ్యే చోట పెద్ద రంధ్రం ఉంటుంది. ఒంటికన్ను రాక్షసుడి కథకు అదే మూలమై ఉండొచ్చని శిలాజ శాస్త్రవేత్త ఒథేనియో ఆబెల్ 1914లో సూచించాడు. ఆలోచించదగ్గ మాటే. కానీ ఎముక రూపాన్ని ఇస్తుందే తప్ప భాష అర్థం చేసుకోవడాన్ని, ఆచారాలను, ఇరుగుపొరుగుతో వ్యాపారాన్ని ఇవ్వదు. టీసియస్ కుక్కతలలవాళ్లకు ఇవన్నీ ఉన్నాయి. వాళ్లను జాతిగా మార్చింది పొరుగువాడిపై మనిషికుండే భయం, కుతూహలం.

సరదా కథలతో ఎవరికి నష్టం అని అడగొచ్చు. 1492లో కొలంబస్ కరీబియన్ దీవుల్లో మనుషుల్ని తినే కుక్కమూతి మనుషుల గురించి విన్నానని రాసుకున్నాడు. 1503లో స్పెయిన్ రాణి ఇసబెల్లా, నరమాంస భక్షకులని ముద్రపడ్డవాళ్లను పట్టి బానిసలుగా అమ్మడానికి అనుమతిచ్చింది. కబురు కాస్తా చట్టమైంది.

ఆ కాలం వాళ్లకింకేం తెలుసు అని సర్దిచెప్పుకోలేం. బుద్ధి ఉండి మరణించే ప్రాణి ఏ రూపంలో ఉన్నా ఆదాము సంతానమేనని 5వ శతాబ్దంలోనే సెయింట్ అగస్టీన్ తేల్చాడు. తన ఫాంటసీ కథల్లోని రాక్షసజాతి ఓర్క్‌లు ఎలా పుట్టాయో టోల్కీన్ చివరిదాకా తేల్చుకోలేకపోవడానికీ మూలం ఇక్కడే ఉంది: మాట్లాడే, ఆలోచించే జాతి పుట్టుకతోనే చెడ్డదని అతని క్రైస్తవ విశ్వాసం ఒప్పుకోలేదు. చంపినా పాపం అంటని జాతి కథకుడికి ఎంతో వీలైనది. కానీ దానికి నోటమాట ఇచ్చిన క్షణం నుంచి, కథకుడు దాన్ని మనిషిగానే లెక్కించాలి.