డిజిటల్ డైరీ నుండి స్మార్ట్‌ఫోన్ దాకా – మన నంబర్లు ఎక్కడ భద్రం?



ఈ వార్షికోత్సవ సంచికలో పూర్వ విద్యార్థుల చిరునామాల పట్టిక వేయాలని సంకల్పించినప్పుడు మా దగ్గర ఉన్న ఆధారాలు మూడే. ఒకటి, ఆఫీసు గదిలోని పాత అడ్మిషన్ రిజిస్టరు. రెండు, మా ట్రంకు పెట్టెల్లో అడుగున పడి ఉన్న ఆటోగ్రాఫ్ పుస్తకాలు. మూడు, మా బ్యాచ్ మిత్రుడొకరు ఉద్యోగం వచ్చిన కొత్తలో కొనుక్కున్న డిజిటల్ డైరీ. అరచేతిలో ఇమిడే ఆ నల్లటి పెట్టెను చూసి ఇప్పటి తమ్ముళ్ళు “ఇది క్యాలిక్యులేటరా అన్నా?” అని అడిగారు. నిజానికి అందులో మా హాస్టల్ జీవితంలో సగం ఉంది.

దానిలోని పేర్లను స్మార్ట్‌ఫోన్‌లోకి ఎక్కించే పని పైకి చాలా తేలికగా కనిపించింది. చేయబోతే మాత్రం ఎన్నో విషయాలు నేర్పింది. పాత యంత్రం ఎలా పనిచేసింది, కొత్త యంత్రం ఏ విషయంలో మెరుగు, ఏ విషయంలో మనం జాగ్రత్త పడాలి అన్నది అందరికీ ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాం.

డిజిటల్ డైరీ అంటే?

1990 దశకంలో మన పట్టణాల్లో డిజిటల్ డైరీ ఒక గొప్ప వస్తువు. గల్ఫ్ నుండి వచ్చినవారు తెచ్చిన బహుమతుల్లో అదీ ఒకటిగా ఉండేది. చిన్న చిన్న మీటలు, రెండు మూడు వరుసల అక్షరాలు కనిపించే తెర, ఫోన్ నంబర్లు, మీటింగుల తేదీలు, అలారం, ఇంకా రహస్య సంఖ్యతో తెరుచుకునే ఒక ప్రత్యేక విభాగం. ఇంతే దాని సంపద.

చాలా వాటి జ్ఞాపకశక్తి 32 లేదా 64 కిలోబైట్లు. 64 కిలోబైట్లంటే 65,536 ఇంగ్లీషు అక్షరాలు పట్టే చోటు. ఒక మనిషి పేరు, ఊరు, నంబరు కలిపి 40 అక్షరాలు అనుకుంటే సుమారు 1,600 మంది వివరాలు పడతాయి. ఈ రోజు 128 గిగాబైట్ల స్మార్ట్‌ఫోన్ దానికి దాదాపు 21 లక్షల రెట్లు పెద్దది. అయినా ఒక మనిషి పరిచయస్తులందరికీ ఆ చిన్న పెట్టె సరిపోయిందని గమనించాలి.

ఇందులో తెలుగు రాయడానికి వీలుండేది కాదు. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఇప్పుడు అంతటా వాడుతున్న యూనికోడ్ పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరం ఒక బైటుతో సరిపోతుంది. మన “శ్రీ” అన్న ఒక్క అక్షరం నాలుగు సంకేతాల కలయిక కాబట్టి 12 బైట్లు తీసుకుంటుంది. అందుకే మా మిత్రుని డైరీలో వెంకటేశ్వర్లు అనే పేరు మూడు రకాల స్పెల్లింగులతో మూడుచోట్ల కనిపించింది. ముగ్గురూ ఒకరేనా, వేరువేరు మనుషులా అని తేల్చడానికే మాకు ఒక సాయంత్రం పట్టింది.

బ్యాటరీ చేసిన నష్టం

డిజిటల్ డైరీలో అసలు బలహీనత మరొకటి ఉంది. అందులోని సమాచారం నిలవాలంటే కొద్దిపాటి విద్యుత్తు నిరంతరం అందుతూ ఉండాలి. నీరు కడుతున్నంత కాలమే పచ్చగా ఉండే నారుమడి లాంటిది. అందుకే వాటిలో తరచుగా రెండు బిళ్ళ బ్యాటరీలు ఉండేవి. ఒకటి పనిచేయడానికి, రెండవది మొదటిదాన్ని మార్చేటప్పుడు సమాచారాన్ని కాపాడటానికి. రెండింటినీ ఒకేసారి తీస్తే అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

మాలో మరొకరికి సరిగ్గా ఇదే జరిగింది. రెండు బ్యాటరీలూ ఒకేసారి తీసి కొత్తవి వేశాడు. తెర వెలిగింది గానీ పేరు ఒక్కటీ లేదు. పోయినవాటిలో మాతో పాటు పదవ తరగతి వరకు చదివిన ఒక మిత్రుని పి.పి. నంబరు ఉంది. అది వాళ్ళ ఊరి కిరాణా కొట్టుది. కొట్టువాళ్ళు కేక వేస్తే వాళ్ళ ఇంట్లో వాళ్ళు వచ్చి మాట్లాడేవారు. అతనికీ మాకూ మధ్య ఉన్న దారి అదొక్కటే. అతని తండ్రి చనిపోయిన కబురు మాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది. హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా మా అందరికీ వేరుశెనగకాయలు మూటగట్టి తెచ్చిన మనిషి ఆయన. కడసారి చూపుకు మాలో ఒక్కరూ వెళ్ళలేకపోయాం. కారణం ఒక బిళ్ళ బ్యాటరీ అనుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కానీ నిజమైన కారణం బ్యాటరీ కాదు. ఆ నంబరు రెండవచోట రాసి ఉండకపోవడం.

పామ్ పైలట్ చూపిన దారి

రెండవచోట రాసి ఉంచడం అనే పనిని యంత్రమే చేసేలా చూపిన సాధనాల్లో పేరెన్నికగన్నది పామ్ పైలట్. ఇది 1996లో అమెరికాలో విడుదలైంది. దీని రూపకర్త జెఫ్ హాకిన్స్ ముందుగా ఒక చెక్కముక్కను ఆ కొలతలతో తయారుచేసి, జేబులో పెట్టుకు తిరిగి, ఎప్పుడెప్పుడు దాన్ని తీయాలనిపిస్తుందో పరిశీలించాడని ప్రసిద్ధి. దానికి నాలుగు ముఖ్యమైన మీటలు. తేదీలు, చిరునామాలు, చేయవలసిన పనులు, చిన్న రాతలు. రెండు సన్న పెన్సిల్ బ్యాటరీలతో వారాల తరబడి నడిచేది. దాని తెర మీద పుల్లతో రాయడానికి గ్రాఫిటీ అనే లిపి ఉండేది. ఒక్కో అక్షరానికి దాదాపుగా ఒకే గీత. ఉదాహరణకు ఇంగ్లీషు మొదటి అక్షరాన్ని మధ్య అడ్డగీత లేకుండా రాస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది హాట్‌సింక్. పైలట్‌ను దాని పీట మీద ఉంచి ఒక మీట నొక్కితే, అందులోని సమాచారమంతా కంప్యూటర్‌లో ఉన్న ప్రతితో సరిచూసుకునేది. ఇక్కడ మార్చింది అక్కడికి, అక్కడ మార్చింది ఇక్కడికి చేరేది. బ్యాటరీ అయిపోయి యంత్రం ఖాళీ అయినా, మళ్ళీ మీట నొక్కితే పేర్లన్నీ తిరిగి వచ్చేవి.

మన దేశంలో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్‌కు రూపకల్పన చేశారు. 2004లో అమిడా సింప్యూటర్ పేరుతో భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం నుండి అది మార్కెట్లోకి వచ్చింది. వ్యాపారపరంగా విజయం సాధించలేకపోయినా అందులో ఒక మంచి ఆలోచన ఉంది. యంత్రం కొనలేని పేదలు ఊరందరూ కలిసి ఒకదాన్ని వాడుకోవచ్చు, ఎవరి సమాచారం వారి స్మార్ట్‌కార్డులో ఉంటుంది. అంటే యంత్రం పది మందిది, సమాచారం మాత్రం ఎవరిది వారిది.

స్మార్ట్‌ఫోన్ వచ్చాక

2007లో ఐఫోన్, 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చాయి. ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే చేతి ఆర్గనైజర్ల కాలం ముగిసింది. 2010లో హెచ్.పి. కంపెనీ పామ్‌ను కొని, 2011లో ఆ ఫోన్ల తయారీనే ఆపివేసింది. ఎంత గొప్ప యంత్రమైనా పదిహేనేళ్ళలో చరిత్ర అయిపోవచ్చునని దీన్నిబట్టి తెలుస్తుంది.

స్మార్ట్‌ఫోన్‌లో సమాచారం ఉండేది ఫ్లాష్ మెమరీలో. చార్జింగ్ అయిపోయినా అది చెరగదు. తెలుగులోనే పేర్లు రాసుకోవచ్చు. ఇంటి ఫోటో, ఊరు, పుట్టినరోజు కూడా చేర్చుకోవచ్చు. ఇవన్నీ మంచి మార్పులే. అయితే ఫోను పోవచ్చు, నీళ్ళలో పడవచ్చు, తెర పగలవచ్చు. కనుక రెండవ ప్రతి అవసరం తీరిపోలేదు.

మార్చుకునే పద్ధతి

మేము చేసిన పనిని క్రమంగా చెబుతాం. పాత ఫోను నుండి కొత్త ఫోనుకు మారేవారికి కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

1. ముందు పాత యంత్రాన్ని కదిలించకుండా, ప్రతి పేరునూ ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. డిజిటల్ డైరీకి కంప్యూటర్ తీగ దొరకలేదు కాబట్టి మాలో ఒకరు చదివితే ఒకరు రాశారు, మూడవవారు సరిచూశారు.

2. తరువాత నంబర్లను బాగుచేయాలి. 2002-03 ప్రాంతంలో బి.ఎస్.ఎన్.ఎల్. ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 2 అంకె చేరింది. అంతకు ముందు రాసుకున్న నంబర్లు ఉన్నవి ఉన్నట్టు మోగవు. మొబైల్ నంబరుకు ముందు +91 చేర్చుకుంటే విదేశాల్లో ఉన్న మిత్రులకు కూడా అదే పనికి వస్తుంది.

3. నంబరు మోగినంత మాత్రాన మనిషి దొరికినట్టు కాదు. కొంతకాలం వాడని మొబైల్ నంబరు రద్దయి మరొకరికి వెళుతుంది. అందుచేత ప్రతి నంబరుకూ ఫోన్ చేసి, పేరు అడిగి నిర్ధారించుకున్నాం.

4. పేర్లను సిమ్‌లో దాచకూడదు. సిమ్‌లో సాధారణంగా 250 వరకే పడతాయి. పేరు, నంబరు తప్ప వేరే వివరాలకు చోటు తక్కువ. ఫోనులోని ఖాతాలో దాచుకోవడం మేలు.

5. చివరగా, అన్ని పేర్లను ఒక ఫైలుగా బయటికి తీసి పెట్టుకోవాలి. ఫోనులో ‘కాంటాక్ట్స్’ తెరిచి ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే వి.సి.ఎఫ్. అనే ఫైలు వస్తుంది. ఇది 1990 దశకం నుండి వాడుకలో ఉన్న వి-కార్డ్ పద్ధతి. ఏ కంపెనీ ఫోను అయినా దీన్ని చదవగలదు. ఈ ఫైలును వేరొకచోట భద్రపరచాలి.

సింక్ వేరు, బ్యాకప్ వేరు

చాలామంది “మా నంబర్లు ఈ-మెయిల్ ఖాతాలో ఉన్నాయి, ఇక భయం లేదు” అంటారు. అది పూర్తిగా నిజం కాదు. సింక్ అంటే రెండుచోట్లా ఒకేలా ఉంచడం. ఫోనులో పొరపాటున ఒక పేరు తొలగిస్తే ఖాతాలో కూడా తొలగిపోతుంది. మన పొరపాటును కూడా అది నమ్మకంగా నకలు చేస్తుంది. బ్యాకప్ అంటే ఈ రోజు ఉన్నది ఉన్నట్టుగా విడిగా తీసి పెట్టడం. గూగుల్ కాంటాక్ట్స్‌లో గడచిన 30 రోజుల మార్పులను వెనక్కి తిప్పుకునే వీలుంది. ఆ గడువు దాటాక తెలిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఇక ఆ ఖాతా పాస్‌వర్డ్ మరచిపోయి, దానికి ఇచ్చిన ఫోన్ నంబరు కూడా మారిపోతే లోపలికి వెళ్ళే దారే ఉండదు. స్కాలర్‌షిప్పు పడే బ్యాంకు ఖాతాకు కూడా ఇదే వర్తిస్తుంది. నంబరు మార్చిన రోజే బ్యాంకులో, కాలేజీలో తెలియజేయాలి.

మన ఫోనులో ఉన్నది మన నంబరు ఒక్కటే కాదు

డిజిటల్ డైరీ జేబులో ఉన్నంతకాలం దానిలోని పేర్లు మరొకరికి తెలిసేవి కావు. స్మార్ట్‌ఫోన్ అలా కాదు. ఒక యాప్ “కాంటాక్ట్స్ చూడవచ్చా?” అని అడిగినప్పుడు మనం సరేనంటే, మన మిత్రులందరి నంబర్లూ మన చేతి మీదుగానే బయటికి వెళతాయి. 2020లో అప్పులిచ్చే యాప్‌లు తెలుగు రాష్ట్రాల్లో సృష్టించిన అలజడి మనకు తెలుసు. అప్పు తీసుకున్నవారి ఫోనులోని బంధుమిత్రులకు ఫోన్లు చేసి పరువు తీయడంతో కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో తెలంగాణ పోలీసులు కేసులు పెట్టి అనేకమందిని అరెస్టు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాలు అప్పుల యాప్‌లు కాంటాక్టుల జాబితా జోలికి పోకూడదని స్పష్టం చేశాయి. నిబంధన ఉన్నా, దాన్ని లెక్కచేయని దొంగ యాప్‌లు ఉంటాయి. పరీక్ష ఫీజుకు వెయ్యి రూపాయలు తక్కువైనప్పుడు యాప్‌ను కాదు, మీ సీనియర్లను అడగండి. ఆ అవసరానికే మన పూర్వ విద్యార్థుల పట్టిక ఉంది.

తమ్ముళ్ళకు ఒక మాట

పాత ఆర్గనైజర్ నాలుగు పనులు చేసి ఊరుకునేది. స్మార్ట్‌ఫోన్ ఊరుకోదు. నంబరు కోసం తెరిస్తే గంటసేపు కూర్చోబెడుతుంది. దానితో చేయించుకోవలసిన పనేమిటో ముందే అనుకుని తెరవడం అలవాటు చేసుకోండి. ఇంకొకటి. మీలో చాలామందికి సొంత ఫోను లేదు, అదేమీ లోపం కాదు. ఇంటి నంబరు, ఇంకొక దగ్గరి బంధువు నంబరు కంఠతా పట్టండి. ట్రంకు పెట్టె మూత లోపల టైంటేబుల్ పక్కన ఒక కాగితం మీద ఐదు నంబర్లు రాసి అతికించండి. దానికి చార్జింగ్ అక్కరలేదు, పాస్‌వర్డ్ అక్కరలేదు.

కిరాణా కొట్టు నంబరు పోయిన ఆ మిత్రుడు ఈ పట్టిక పని మీదే మళ్ళీ దొరికాడు. అడ్మిషన్ రిజిస్టరులో సిరాతో రాసిన ఊరి పేరు పట్టుకుని మాలో ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. ఇప్పుడతని నంబరు మా ఫోన్లలో ఉంది, వి.సి.ఎఫ్. ఫైలులో ఉంది, నోటు పుస్తకంలోనూ ఉంది.

పూర్వ విద్యార్థులందరికీ మా విన్నపం. మీ పేరు, బ్యాచ్, ఊరు, ఇప్పటి నంబరు ఒక కాగితం మీద రాసి సావనీర్ కమిటీకి అందజేయండి. మీకు ఆచూకీ తెలియని మిత్రుని పేరు కూడా కింద రాయండి. వెతికే పని మేము చూసుకుంటాం.