ట్రాక్టరు సీటు స్టూలైంది

పిల్లలూ! మా బడిలో బల్లకు ఒక కాలు విరిగితే, "ఇక పొయ్యిలోకే" అనేవారు. "తక్కిన మూడు కాళ్ళూ ఏం పాపం చేశాయి?" అని నేనడిగేవాణ్ణి.

ఇటలీలో అకిల్లే, పియెర్ జాకొమో కాస్తిల్యోని అనే అన్నదమ్ములుండేవారు. 1957లో వారు ట్రాక్టరు సీటుతో ఒక స్టూలు తయారుచేశారు. సీటు కింద వంపు తిరిగిన ఉక్కు పట్టీ ఒక్కటే ఉంటుంది. స్టూలు ఒరిగిపోకుండా అడుగున అడ్డకర్ర, సీటు బిగించడానికి సైకిలు చక్రపు రెక్కల నట్టు పెట్టారు. పేరు "మెజ్జాద్రో", అంటే పాలికి సాగుచేసే రైతు.

పొలంలో కుదుపులు కాచే ఉక్కు పట్టీ, ఇంట్లోనూ మెత్తగా వంగుతుంది. చోటు మారిందే గాని పని మారలేదు, చూశారా!

మీ ఇంట్లో కుర్చీ విరిగితే, ఏ భాగం ఏ పని చేసేదో ముందు చూడండి. చెదపట్టిన కర్రను మాత్రం నమ్మకండి. రంపం పట్టేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి సుమా!