పందికొక్కు కాని 'బాండికూట్' – సంచి జంతువుల కుటుంబాలు

ధాన్యపు కొట్లలో, పొలం గట్లలో బొరియలు తవ్వే పందికొక్కును మీరంతా ఎరుగుదురు. ఈ తెలుగు మాటే ఇంగ్లీషులోకి వెళ్ళి 'బాండికూట్' అయింది. ఆస్ట్రేలియా చేరిన ఆంగ్లేయులు, పొడవాటి మూతితో నేలను తవ్వుకుని పురుగులను తినే ఒక చిన్న జంతువును అక్కడ చూసి, దానికీ ఆ పేరే పెట్టారు. అలా మన మాట సముద్రాలు దాటింది. కాని ఈ రెండు జంతువులకూ చుట్టరికం లేదు. మన పందికొక్కు ఎలుకల కుటుంబానికి చెందినది. ఆస్ట్రేలియా బాండికూట్ తన పిల్లలను పొట్టకింద సంచిలో పెంచుతుంది. అది కంగారూకు చుట్టం.

ఇటువంటి జంతువులను మార్సూపియల్స్ అంటారు. లాటిన్‌లో 'మార్సూపియం' అంటే చిన్న సంచి. మన పుస్తకాలలో దీనినే శిశుకోశం అని రాస్తారు. వీటిలో ఈనాడు 300కు పైగా జాతులున్నాయి. మనలో చాలామందికి తెలిసినది మాత్రం కంగారూ ఒక్కటే!

సంచి ఎందుకు?

పాలిచ్చి పిల్లలను పెంచే జంతువులు క్షీరదాలు. వీటిలో మూడు రకాలున్నాయి. ప్లాటిపస్ వంటివి గుడ్లు పెడతాయి. ఆవు, ఏనుగు, మనిషి వంటి వాటిలో బిడ్డ తల్లి గర్భంలోనే చాలాకాలం పెరుగుతుంది. అక్కడ జరాయువు ద్వారా ఆహారం అందుతుంది. మూడవ రకం మార్సూపియల్స్. వీటి పిల్లలు గర్భంలో కొద్ది రోజులే ఉంటాయి. మిగిలిన పెరుగుదల అంతా తల్లి పాల మీదనే జరుగుతుంది.

ఎర్ర కంగారూను చూడండి. దాని గర్భధారణ కాలం సుమారు 33 రోజులు. పుట్టిన పిల్ల చిక్కుడు గింజంత ఉంటుంది. బరువు ఒక గ్రాము కూడా ఉండదు. కళ్ళు తెరుచుకోవు. వెనుక కాళ్ళు ఇంకా మొగ్గల్లా ఉంటాయి. కాని ముందు కాళ్ళకు బలమూ, గోళ్ళూ ఉంటాయి. వాటితో తల్లి బొచ్చు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా, కొద్ది నిమిషాలలో సంచిలోకి పాకిపోతుంది. అక్కడ చనుమొనను నోట పట్టగానే అది నోటిలో ఉబ్బి, పిల్ల జారిపోకుండా ఆపుతుంది. ఇక సుమారు 8 నెలలు ఆ సంచే దాని ఇల్లు.

అందరికీ ఆ చోటు దొరకదు. ఉత్తర అమెరికాలోని వర్జీనియా ఒపోసం సుమారు 13 రోజులకే ఈనుతుంది. ఒక్కో ఈతలో 20కి పైగా పిల్లలు పుట్టవచ్చు. తల్లికి ఉండే చనుమొనలు సాధారణంగా 13 మాత్రమే. ఆలస్యంగా చేరిన పిల్ల బతకదు.

"అయితే ఇది నాసిరకం పద్ధతి కదా?" అని మీరడగవచ్చు. పూర్వం కొందరు శాస్త్రజ్ఞులూ అలాగే భావించారు. కాని ఆస్ట్రేలియాలో ఏళ్ళ తరబడి కరువు రావడం మామూలే. ఎర్ర కంగారూ తల్లికి ఒకేసారి సంచి బయట గంతులేసే పిల్ల ఒకటి, సంచిలో ఒకటి, గర్భంలో ఎదుగుదల ఆగిన పిండం ఒకటి ఉండవచ్చు. బయటి పిల్లకు ఒక చనుమొన నుండి ఒక రకం పాలు, లోపలి పిల్లకు ఇంకొక చనుమొన నుండి వేరొక రకం పాలు వస్తాయి! కరువులో సంచిలోని పిల్ల చనిపోతే, ఆగి ఉన్న పిండం మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. అక్కడి నేలకు తగిన పద్ధతి ఇది.

కుటుంబాలను పరిచయం చేసుకుందాం

కంగారూలు, వాలబీలు కలిసి మాక్రోపొడిడే కుటుంబం. ఈ మాటకు 'పెద్ద పాదాలు గలవి' అని అర్థం. ఇందులో చెట్లెక్కే కంగారూలు కూడా ఉన్నాయి. ఉంబాట్లలో జాతులు మూడే. ఇవి బొరియలు తవ్వుతాయి. సంచి ముఖం వెనుకవైపుకు ఉంటుంది కనుక తవ్వేటప్పుడు మట్టి పిల్ల మీద పడదు. యూకలిప్టస్ ఆకులు తిని బతికే కోలా తన కుటుంబంలో ఏకైక జాతి. పూల మకరందమూ, పుప్పొడీ తినే తేనె పోసం కూడా అంతే. మాంసాహారులు, కీటకాహారులు చేరిన డాసియూరిడే పెద్ద కుటుంబం. టాస్మేనియన్ డెవిల్ ఇందులోదే. నాలుగైదు గ్రాముల బరువుండే ప్లానిగేల్ కూడా ఇందులోదే!

అమెరికా ఖండాలలోని ఒపోసంల కుటుంబం డైడెల్ఫిడే. ఇందులో 100కు పైగా జాతులున్నాయి. వీటిలో ఒకటి నీటిలో ఈదుతుంది. ఈదేటప్పుడు నీరు చొరకుండా సంచి మూతిని బిగిస్తుంది.

అన్నిటికీ సంచి ఉండదని కూడా గుర్తుంచుకోండి. నైరుతి ఆస్ట్రేలియాలోని నంబాట్‌కు సంచి లేదు. పిల్లలు తల్లి పొట్టకు అతుక్కుని వేలాడతాయి. కనుక సంచి కంటే, బాగా ముందుగా పుట్టి పాల మీద పెరగడమే మార్సూపియల్స్‌కు అసలు గుర్తు.

నంబాట్ పొడవాటి నాలుకతో చెదపురుగులను తింటుంది. మన నల్లమల అడవులలోని అలుగు కూడా చీమలను, చెదలను అలాంటి నాలుకతోనే అందుకుంటుంది. షుగర్ గ్లైడర్ మన ఎగిరే ఉడుతలాగే కాళ్ళ మధ్య చర్మాన్ని చాచి చెట్టు నుండి చెట్టుకు జారుతుంది. వీటి మధ్య చుట్టరికం లేదు. చేసే పని ఒకటైతే, వేరు వేరు వంశాలలోనూ శరీరం ఒకే తీరుగా మారవచ్చు. దీనినే అభిసారి పరిణామం అంటారు.

రెండు ఖండాలకు ఎలా చేరాయి?

దక్షిణ అమెరికాలోనూ, ఎంతో దూరాన ఉన్న ఆస్ట్రేలియాలోనూ ఇవి ఉండడం వింత కదా! ఒకప్పుడు ఆ రెండింటినీ అంటార్కిటికా కలిపి ఉంచింది. అప్పుడు అక్కడ ఇంత మంచు లేదు, అడవులుండేవి. అంటార్కిటికాకు చెందిన సేమూర్ దీవిలో మార్సూపియల్ శిలాజం దొరికిందని 1982లో ప్రకటించడంతో ఈ దారికి సాక్ష్యం లభించింది. ఇండియా కూడా ఒకప్పుడు ఈ ఖండాలతో కలిసే ఉన్నా, చాలా ముందుగానే విడిపోయింది. నేడు మన దేశపు అడవులలో మార్సూపియల్స్ లేవు. ఆసియా వైపు ఇండోనేషియాలోని సులవేసి దీవి దాకా మాత్రమే వచ్చాయి. అక్కడి కస్కస్‌లు చెట్ల మీద నివసిస్తాయి.

తెగిపోయిన కొమ్మ

తోడేలును పోలిన థైలసీన్ అనే మార్సూపియల్ టాస్మేనియాలో ఉండేది. గొర్రెలను చంపుతున్నదని ప్రభుత్వం 1888 నుండి 1909 వరకు దాని తలకు బహుమానం ఇచ్చింది. అలా 2,000కు పైగా బహుమానాలు చెల్లించారు. 1936 జూలైలో చట్టరీత్యా రక్షణ కల్పించారు. రెండు నెలలైనా నిండకముందే, 1936 సెప్టెంబరు 7న, హోబార్ట్ జంతుప్రదర్శనశాలలో మనకు తెలిసిన చివరి థైలసీన్ చనిపోయింది.

ఇక్కడొక లెక్క ఆలోచించండి. ఒపోసంలలో ఒక జాతి పోతే, నష్టమే అయినా, దాని దగ్గరి చుట్టాలు మిగులుతాయి. థైలసీన్ తన కుటుంబంలో మిగిలిన ఆఖరి జాతి. దానితో థైలసినిడే కుటుంబమంతా పోయింది. వంశవృక్షంలో ఆకు రాలడం వేరు, కొమ్మ విరగడం వేరు. నంబాట్, కోలా, తేనె పోసం ఈనాడు అలాంటి ఒంటరి కొమ్మలే. ఐరోపావారు తెచ్చి వదిలిన నక్కలు, పిల్లులు నంబాట్‌ను దాదాపు తుడిచిపెట్టాయి. ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతాలలో కోలాను 2022లో అంతరించే ప్రమాదమున్న జంతువుగా ప్రకటించారు. టాస్మేనియన్ డెవిల్‌లో ఒకదాని నుండి మరొకదానికి కాటు ద్వారా అంటుకునే ముఖపు కాన్సర్ 1996లో బయటపడింది. దానితో వాటి సంఖ్య బాగా పడిపోయింది.

మీరే చేసి చూడండి: ఒక కాగితంపై చెట్టు బొమ్మ గీయండి. ఈ వ్యాసంలోని ఒక్కొక్క కుటుంబాన్ని ఒక్కొక్క కొమ్మగా, జాతులను ఆకులుగా రాయండి. ఒకే ఆకు ఉన్న కొమ్మలకు ఎర్రరంగు వేయండి. ముందుగా కాపాడవలసినవి ఏవో మీకే తెలుస్తుంది.