జ్వాలాపురపు బూడిద

నంద్యాల జిల్లాలో బనగానపల్లెకు సమీపమున జుర్రేరు అను చిన్న యేరు కలదు. ఆ యేటి లోయలో జ్వాలాపురమను గ్రామమున్నది. పేరులో జ్వాల యున్నదే కాని, ఆ చుట్టుపట్ల నెచ్చటను మండు కొండ లేదు. అయినను అక్కడి నేలను కొంత లోతు త్రవ్వినచో తెల్లని బూడిద పొర బయల్పడును. కొన్ని తావులలో దాని మందము రెండు మీటర్లకు మించియున్నది. పాత్రలు తోము పొడులకై దీనిని త్రవ్వి యమ్ముటయు జరిగినది. మన పొయ్యిలోని బూడిదకును దీనికిని పోలిక రంగులోనే. సూక్ష్మదర్శినిలో చూచినచో ఇది కేవలము వాడియైన గాజుపెంకుల రాశి.

ఈ గాజుపొడి యెచ్చటిది? ఒక్కొక్క విస్ఫోటమున వెడలిన గాజునకు ఒక్కొక్క రసాయనిక కూర్పుండును. అది దాని వ్రేలిముద్ర వంటిది. జ్వాలాపురపు బూడిద వ్రేలిముద్ర, బంగాళాఖాతమున కావల, సుమారు 2,600 కిలోమీటర్ల దూరమున, సుమత్రా దీవిలోని తోబాతో సరిపోయినది. అచ్చట సుమారు 74,000 సంవత్సరముల క్రిందట మహావిస్ఫోటము జరిగెను. గడచిన ఇరువది లక్షల సంవత్సరములలో భూమిపై జరిగిన విస్ఫోటములలో అది మిక్కిలి పెద్దవానిలో నొకటి.

నేడు తోబాకు పోయినవారికి కనబడునది శిఖరము కాదు, సరస్సు. దాని పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. కొండ యుండవలసిన చోట పల్లమేల యేర్పడెను? ఆ ప్రశ్నలోనే మహావిస్ఫోటముల మర్మమంతయు నున్నది.

హిందూమహాసముద్రపు అడుగుననున్న శిలాఫలకము సుమత్రా క్రిందికి మెల్లమెల్లగా దిగిపోవుచున్నది. దానితోపాటు లోపలికి పోయిన నీరు పైనున్న వేడిరాతిలోనికి చేరి, అది తక్కువ వేడిమికే కరగునట్లు చేయును. కరగిన రాయి పైకి వచ్చి భూమి పైపొరలో నిలిచి, చుట్టునున్న రాతిని కూడ కొంత కరగించుకొని, రానురాను ఇసుకరాతి సారమగు సిలికాతో చిక్కబడును. బెల్లపు లేతపాకము జారును, ముదురుపాకము గరిటెను వదలదు కదా! హవాయి దీవులలోని శిలాద్రవము లేతపాకము. తోబా క్రిందిది ముదురుపాకము. అందులో కరగియున్న నీటియావిరియు, ఇతర వాయువులును సులభముగా తప్పించుకొనలేవు. చిన్న అగ్నిపర్వతము అప్పుడప్పుడు కొంత వెడలగ్రక్కి శాంతించును. ఇచ్చట నట్లుగాక, వేలకొలది సంవత్సరములు కూడుటయే జరుగును.

తుదకు పైకప్పు పగులును. గోలీసోడా బుడ్డిలో గోలీని నొక్కగనే ఏమగును? అంతవరకు కనబడని వాయువు ఒక్కసారి బుడగలై నురుగుతో పైకుబుకును. అట్లే శిలాద్రవము నురుగై, ఆ నురుగు తునకలై, గాజుపొడిగా నాకాశమున కెగయును. లోపలి గది ఖాళీయైనకొలది పైకప్పు దానిలోనికి కూలును. అట్లేర్పడిన గొప్ప పల్లమునే కాల్డెరా యందురు. అందు నీరు చేరి తోబా సరస్సయ్యెను.

వేయి ఘన కిలోమీటర్లకు మించిన పదార్థమును వెడలగ్రక్కినదానినే మహావిస్ఫోటమందురు. 1883లో లోకమును వణికించిన క్రకటోవా గ్రక్కినది సుమారు 20 ఘన కిలోమీటర్లు. తోబా గ్రక్కినది, గట్టి రాతిగా లెక్కించినచో, సుమారు 2,800.

దాని ఫలితములు దూరమునుబట్టి మారును. సమీపమున వందలకొలది డిగ్రీల వేడిగల బూడిద ప్రవాహములు సర్వమును దహించును. దూరమున బూడిద చెట్లను కప్పును, ఏళ్లను పూడ్చును, ఊపిరితిత్తులను గాయపరచును. మరియు గంధకవాయువు మేఘములకు పైన చేరి, ఆమ్లపు తుంపరలై సూర్యకాంతిని అడ్డగించును. 1815లో తంబోరా ప్రేలగా, మరుసటి యేడు ఐరోపాలో పంటలు చెడెను. 1991లో పినటూబో ప్రేలినప్పుడు భూమి సగటు వేడిమి సుమారు అర డిగ్రీ తగ్గెను. ఇవి తోబా ముందు పిల్లలే!

కావుననే తోబా చలికి మానవజాతి కొన్ని వేలమందికి క్షీణించెనని 1990ల నాటి శాస్త్రజ్ఞులు కొందరు తలచిరి. ఈ యూహకు పరీక్ష జ్వాలాపురమున జరిగినది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ మొదలగువారు 2007లో ప్రకటించిన ఫలితములలో, బూడిద పొర క్రిందను మీదను కూడ రాతి పనిముట్లు దొరికినవి. వాని తయారీ పద్ధతియు చాలవరకొక్కటే. ఎముకలు దొరకలేదు గనుక వానిని చేసినవారెట్టి మానవులో నిశ్చయించుట కష్టము. కాని ఆ లోయలో మనుష్య జీవనము అంతరింపలేదనుటకు అవి సాక్ష్యములు. 2018లో దక్షిణాఫ్రికా సముద్రతీరమునుండి వెలువడిన ఆధారములును అట్లే పలికినవి. తోబా చేసిన కీడు అన్నిచోట్ల నొక్కటి కాదనియు, మనుష్యుడు అనుకొన్నదానికంటె గట్టివాడనియు నేడు పలువురు భావించుచున్నారు.

ఈ వాదమంతయు ఒక్క విషయముపై నిలిచినది: ఏ పొర క్రిందిది, ఏ పొర మీదిది అనునది. పనిముట్టును తీసి దాచవచ్చును. పొరల వరుసను చెరిపిన పిమ్మట తిరిగి పేర్చలేము. బండికెత్తిన బూడిదతోపాటు ఆ వరుసయు పోవును. ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఒకనాడు జుర్రేటి గట్టునకు తీసికొనిపోయి, ఆ తెల్లని గీతను చూపుదురుగాక. సుమత్రాలో నొకనాడు కూలిన కొండకప్పు కథ మన నేలలో వ్రాయబడియున్నది. చదువువారుండగా దానిని చెరిగిపోనీయరాదు.