పూల వలయము - స్త్రీల బ్రతుకు

భాద్రపద బహుళామావాస్యనాటి సాయంకాలము కొల్లాపురమున ఏ వీథిని నడచినను ఒకే దృశ్యము కంటబడును. అరుగులమీద ఇత్తడి తాంబాళములు పెట్టుకొని, వానిలో గుమ్మడి ఆకులు పరచి, స్త్రీలు పూలు పేర్చుచుందురు. అడుగున తంగేడు, దానిపై రంగులద్దిన గునుగు, ఆపైన బంతి, చేమంతి, కట్లపూలు. వరుసవరుసకు వలయము సన్నగిల్లుచు పోయి శిఖరమున గుమ్మడిపువ్వు నడుమ పసుపుముద్ద యొకటి నిలుచును. ఆ పసుపుముద్దయే గౌరమ్మ. పురోహితుడు రాలేదు. ప్రాణప్రతిష్ఠామంత్రము చదువలేదు. గర్భాలయము లేదు, ధ్వజస్తంభము లేదు. ఉదయమువరకు వంటయింటి డబ్బాలోనున్న పసుపు, పది చేతులు తాకినంతనే దేవతయైనది.

ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగియు ఈ తొమ్మిది దినముల పండుగను మనవారు "పూజ" అని యనరు, "ఆట" యందురు. బతుకమ్మ ఆడుదురు. దీనికి ముందు కన్నెపిల్లలు మట్టితో గద్దె కట్టి బొడ్డెమ్మను ఆడుదురు. ఆ ఆటలో అడుగు నేర్చిన బాలికయే పెద్దయై ఈ వలయమున చేరును. దేవతతో ఆడవచ్చునను భావము సామాన్యమైనది కాదు. ఆలయమందలి దేవికి మనము ఎదుట నిలుతుము. బతుకమ్మకు చుట్టును నిలుతుము. ఎదుట నిలిచినవారిలో ముందువారు, వెనుకవారు ఉందురు. చుట్టును నిలిచినవారిలో ముందు లేదు, వెనుక లేదు. ఈ చిన్న భేదములో ఎంత అర్థము కలదో విచారించుటకే ఈ వ్యాసము.

ఈ వలయమును తలచునప్పుడు పాశ్చాత్యదేశములలో ఇటీవలి కాలమున బయలుదేరిన యొక ఉద్యమము స్మరణకు వచ్చును. అచ్చట పూర్వపు దేవతలు ఆలయములను గోల్పోయి కావ్యములలోను, చిత్రశాలలలోను మాత్రమే మిగిలిరి. ఇంగ్లండులో మంత్రవిద్యను నేరముగా నెంచిన పాత చట్టము 1951లో రద్దైనది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ అనునాతడు ఒక గ్రంథము ప్రకటించి, ప్రాచీన దేవీపూజాసంప్రదాయమొకటి తమ దేశమున రహస్యముగా నిలిచియున్నదని చాటెను. విక్కా యను పేర నేడు ప్రపంచమెరిగిన మార్గమదియే. డోరీన్ వాలియంటే యను విదుషి దానికి స్తోత్రపాఠములు కూర్చెను. 1979లో అమెరికాలో స్టార్‌హాక్ అనునామె "స్పైరల్ డాన్స్" అను పుస్తకము వెలువరించెను. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఏటేట అక్టోబరు మాసాంతమున ఆ పేరిటనే స్త్రీపురుషులు చేతులు పట్టుకొని సుడిగా తిరుగుచు దేవతను ఆవాహనము చేయుదురు. 2002లో ఇంగ్లండునందలి గ్లాస్టన్‌బరీ పట్టణమున దేవికి ప్రత్యేకముగా ఆలయమొకటి తెరువబడినది.

వారి విధానమేమి? మొదట వలయము గీయుదురు. నాలుగు దిక్కులను పిలుతురు. చేతులు కలిపి ఒకే పలుకును పదేపదే పాడుదురు. ఆ పాట ఉచ్చస్థితికి చేరినపుడు అందరి సంకల్పము ఒకటై పైకి లేచునని వారి విశ్వాసము. పిమ్మట అరచేతులు నేలకానించి ఆ శక్తిని ధరణికి అప్పగింతురు. చివర రొట్టెను, పానీయమును పంచుకొందురు. మన వలయమును దీని ప్రక్కన నిలిపి చూడుడు. ఒక ముత్తైదువ పాట ఎత్తుకొనును. తక్కినవారు ప్రతి చరణాంతమున ఉయ్యాల పల్లవిని అందుకొందురు. పాట రానివారికి పల్లవి వచ్చును. పల్లవియు రానివారికి చప్పట్లు వచ్చును. వంగుట, లేచుట, అడుగు వేయుట, ఊపిరి తీయుట అందరికి ఒక్కటే లయలో సాగును. అర్ధఘటిక గడచునప్పటికి ఎవరి గొంతు ఎవరిదో తెలియదు. చీకటి పడిన వెనుక పూలగోపురమును చెరువునకు మోసికొనిపోయి నీటిలో విడుతురు. అనంతరము వాయనములిచ్చి పుచ్చుకొందురు. మలీదముద్దలు, సత్తుపిండి పంచుదురు. వారు ధరణికి అప్పగించినదానిని మనవారు జలమునకు అప్పగింతురు. ఇంతే భేదము. సముద్రములకు ఆవలనున్న విద్యావంతులు గ్రంథములు చదివి, యోచించి, కట్టుకొనిన సోపానమునే, గ్రంథమెరుగని మన పల్లెపడుచులు చప్పట్లతో ఎక్కుచున్నారు.

ఇందుకై మనము గర్వించి ఊరకుండవలెనా? అట్లు గాదు. వారినుండి నేర్వదగిన పాఠమొకటి కలదు. గార్డ్‌నర్ చెప్పిన ప్రాచీనతకు ఆధారములు చాలవనియు, ఆ మార్గము చాలవరకు ఆధునిక నిర్మాణమేననియు రొనాల్డ్ హట్టన్ అను చరిత్రకారుడు 1999లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. ఆ సత్యము వెలువడినను వలయములు చెదరలేదు. ప్రాచీనము గాకున్నను తమకు సత్యమైనదని తలచినవారు నిలిచిరి. బతుకమ్మ పుట్టుకనుగూర్చి మనలోను కథలు పెక్కులు గలవు. చోళరాజు కూతురందురు, వేములవాడ శివలింగమును చోళులు తరలించుకొనిపోయిన దుఃఖమునుండి పుట్టినదందురు. కథలను కథలుగా గౌరవింతము. శాసనము దొరకనిచోట శాసనమును కల్పింప బనిలేదు. ఈ పాలమూరు సీమ బిడ్డయైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో రాజుల దండయాత్రలను విడిచి, జనుల ఆటలలో, పండుగలలో, తిండిలో జాతిచరిత్రను వెదకిరి. అదియే సరియైన మార్గము. పండుగ ఎన్నడు పుట్టినదని యడుగుటకంటె, అది ఆడువారికి ఏమి చేయుచున్నదని యడుగుట మేలు.

సామూహికమైన దేవీభావము జాతిని మేల్కొల్పగలదని మనదేశమునకు తెలియును. బంకించంద్రుని "ఆనందమఠము" 1882లో గ్రంథరూపమున వెలువడినది. 1905లో అవనీంద్రనాథుడు భారతమాతను చిత్రించెను. 1936లో కాశియందలి భారతమాతా మందిరమును గాంధీమహాత్ముడు ప్రారంభించెను. ఆ మందిరమున విగ్రహము లేదు. పాలరాతితో చెక్కిన దేశపటమే దేవత. తెలంగాణ ఉద్యమకాలమున రహదారులపై బతుకమ్మలు నిలిచినపుడును ఇదే ధర్మము పనిచేసినది. ఉపన్యాసమునకు రాని స్త్రీ ఆటకు వచ్చినది. 2014లో రాష్ట్రమేర్పడిన వెంటనే బతుకమ్మ రాష్ట్రపండుగయైనది, తంగేడు రాష్ట్రపుష్పమైనది. సంతోషమే. కాని ప్రభుత్వము చేపట్టిన పండుగకు ఒక అపాయము కలదు. వలయమునకు వేదిక వచ్చును. వేదిక వచ్చినచో ఎదుట కూర్చుండువారు వత్తురు. ఎదుట కూర్చుండువారు వచ్చినచో ఆట ప్రదర్శనమగును. ధ్వనియంత్రమునుండి పాట వినవచ్చునపుడు పల్లవి అందుకొను గొంతులతో పనియేమి? పాట ఎత్తుకొను ముదుసలి ముత్తైదువ మౌనముగా ప్రక్కకు తొలగును. ఆమెతో ఆమె నేర్చిన పాటలు తొలగును.

ఇంతకంటె గంభీరమైన విషయమొకటి కలదు. దేవతను చుట్టును నిలిచి పిలుచుట యొక పద్ధతి. దేవత స్త్రీ శరీరమునే ఆవేశించుట వేరొక పద్ధతి. విక్కావారిలోను చంద్రకళను దించుటయను ప్రక్రియ కలదు. పూజను నడుపు స్త్రీయందు దేవి నిలిచి పలుకునని వారి నమ్మకము. మన సికిందరాబాదు ఉజ్జయినీ మహాకాళి బోనాల మరునాడు రంగమున ఒక స్త్రీ పచ్చికుండపై నిలిచి భవిష్యము చెప్పును. అధికారులు, మంత్రులు చేతులు జోడించి విందురు. వానలెట్లుండును, పంటలెట్లుండును, తనకు చేసిన పూజలో లోపమేమి యని ఆమె నిర్భయముగా పలుకును. ఒక్క దినమైనను సామాన్యస్త్రీ మాటకు పాలకులు తలయొగ్గుట మంచిదే. కాని ఆ గౌరవము దేవతదా, స్త్రీదా? మరునాటి ఉదయమున ఆ స్త్రీయే తన వాడలో మంచినీరు రాలేదని చెప్పబోయినచో విను చెవులెన్ని?

ఈ ప్రశ్నకు పాలమూరు సీమ అతి క్రూరమైన సమాధానము చెప్పియున్నది. దేవత పేర స్త్రీని ఎల్లమ్మకు సమర్పించి, పోతరాజుతో పెండ్లియని చెప్పి, ఊరివారి కామమునకు విడిచిన జోగినీ దురాచారము ఈ సీమలోనే బలముగా వేళ్లూనినది. ఆ బలియైనవారు చాలవరకు దళితకుటుంబముల బాలికలు. జాతరలో ఆమె పూనకమునకు మ్రొక్కినవారే జాతర ముగిసిన వెనుక ఆమెను గుడిసెకు నెట్టిరి. చెన్నపురి రాజధానిలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు మొదలుకొని పలువురు చేసిన పోరాటఫలముగా 1947లో దేవదాసీ సమర్పణ నిషేధచట్టము వచ్చినది. అప్పుడు కృష్ణకు ఆవలి యొడ్డున కర్నూలు మద్రాసు రాజధానిలోనిది. ఈవలి యొడ్డున కొల్లాపురము, జటప్రోలు సంస్థానమునకు ముఖ్యపట్టణమై, నైజాము ఏలుబడిలోనిది. చట్టము నది దాటలేదు. జోగినులను పేరెత్తి రక్షించు చట్టము ఆంధ్రప్రదేశమున 1988లో గాని రాలేదు. నడుమ గడచిన నాలుగు దశాబ్దములలో ఒక తరపు బాలికల బ్రతుకు కరిగిపోయినది. దేవీపూజ గలచోట స్త్రీకి గౌరవము సహజముగా కలుగునని మురియువారు, స్వదేశీయులైనను పాశ్చాత్యులైనను, ఈ యొక్క చరిత్రను ముందుంచుకొని మాటలాడవలెను.

వలయమునందలి దోషములను గూడ దాచరాదు. తంగేడు చెక్కను తోళ్లు పదును చేయుటకు మనవారు తరతరములుగా వాడిరి. తోలుపనివాని బ్రతుకును నిలిపిన తంగేడే బతుకమ్మకు మొదటి వరుసయైనది. అయినను ఆ తోలుపనివాని భార్య ఆడిన వలయము వేరుగా నుండెను. కులమునకొక వలయమను వాడుక పలుగ్రామములలో నుండెను, నేటికిని అక్కడక్కడ పూర్తిగా పోలేదు. చెరువు ఒక్కటే, పూలు ఒక్కటే, పాట ఒక్కటే, వలయములు మాత్రము వేరు! ఇట్లే భర్తను గోల్పోయిన స్త్రీకి వాయనమీయుటకు, గౌరమ్మ పసుపు అందించుటకు చేతులు వెనుదీయును. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881లో తొలి వితంతువివాహము జరిపించి నూటనలువది యేండ్లు దాటినది. బతుకమ్మ యనగా బ్రతుకునిచ్చు తల్లి యని చెప్పుకొనుచు, బ్రతుకు భారమైనవారినే వలయమునుండి తొలగించుట ఆ తల్లికి సమ్మతమగునా?

ఇక నీరు. శ్రీశైలము జలాశయము నిండినపుడు, 1980 తరువాతి సంవత్సరములలో, కృష్ణకు ఇరుప్రక్కల సుమారు నూరు గ్రామములు మునిగినవి. కొల్లాపురపు సీమ ఆ నష్టమును బాగుగా ఎరుగును. సోమశిలలోని శివాలయములను, జటప్రోలులోని ఆలయములను రాయి రాయిగా విప్పి ఎగువకు తరలించి మరల నిలిపిరి. ఆ కార్యము శ్లాఘనీయమే. అలంపురమున జోగులాంబకు పూర్వాలయము నేలగూలగా, విగ్రహము శతాబ్దములపాటు బాలబ్రహ్మేశ్వరుని సన్నిధిని ఉండి, 2005లో గాని క్రొత్త ఆలయము చేరలేదు. రాతిగుడి దేవతకు రాజబలము కావలెను. పసుపుగౌరమ్మకు అట్టి యక్కర లేదు. ఊరు విడిచిన స్త్రీ చేరినచోటనే ఆమె మరల పుట్టును. నేడు లండనులోను, న్యూజెర్సీలోను, సిడ్నీలోను మన ఆడపడుచులు తంగేడు దొరకనిచోట అచ్చటి పూలతోనే గౌరమ్మను నిలుపుచున్నారు.

అయితే పూలు మారవచ్చును, నీరు లేక పండుగ లేదు. పూడిక తీయుటకు 2015లో మిషన్ కాకతీయ కార్యక్రమము మొదలైనపుడు చెరువుల విలువ మరల జ్ఞప్తికి వచ్చినది. మురుగు చేరిన చెరువులో గౌరమ్మను విడుచుట దేవతను సాగనంపుట కాదు, పారవేయుట. తంగేడు మొలచు బీళ్లు ఇండ్లస్థలములై, గునుగు మొలచు చేలగట్లు కలుపుమందుల పాలైన వెనుక, పూలు తూకమునకు కొనుటయే గతి. కొనలేని యింటి తాంబాళము చిన్నబోవును.

కావున మేము కోరునవి గొప్ప కార్యములు కావు. ప్రతి గ్రామపంచాయతీ, ప్రతి పురపాలక సంఘము పండుగకు దీపాలంకారములు చేయుటకు ముందు ఒక చెరువును శుభ్రముగా నుంచి, దానిగట్టున తంగేడు నాటించుగాక. ధ్వనియంత్రమును ఒక్క గంట ఆపి పాట తెలిసిన పెద్దమ్మను ముందుకు పిలుచుగాక. జోగినీలుగా బ్రతుకు నష్టపోయిన స్త్రీలకు, వారి బిడ్డలకు భూమి, చదువు, పని దొరకునట్లు చట్టమును కాగితమునుండి వాడకు తెచ్చుగాక. ఈ మూడును పాలకుల పనులు. నాల్గవది మన యింటి స్త్రీలది. వలయమున ఇద్దరి చేతులనడుమ కొంత యెడమిచ్చి, ఇంతవరకు దూరముగా నిలిచి చూచుచున్న అక్కను "రమ్ము, చెల్లీ" యని పిలుచుట. ఇందుకు చట్టము వలదు, ధనము వలదు.

సద్దులనాటి రాత్రి బతుకమ్మ నీటిపై తేలి సాగిపోవును. తాంబాళము ఖాళీయగును. ఒడ్డున నిలిచిన స్త్రీ చెంగున ముడిచికొని యింటికి తెచ్చుకొనునది ఇంత పసుపు మాత్రమే. ఆ యింటిలో ఆమె మాటకు విలువ పెరిగెనా, ఆమె కూతురు బడికి పోవుచున్నదా, పొరుగువాడ స్త్రీ ఆమె ప్రక్కన నిలిచెనా యనునదియే పండుగకు కొలమానము. దేవత వచ్చినదో లేదో ఆనాటి పూలయెత్తు చెప్పదు, మరునాటి బ్రతుకు చెప్పును.