రెక్కల నత్తలు

నత్త అంటే మనకి నవ్వులాట. అన్నం లైన్లో మెల్లగా నడిస్తే నత్తనడక అంటాం గదా. కానీ సముద్రంలో రెక్కలు ఆడిస్తూ ఈదే నత్తలున్నాయి. నేల నత్త దేనితో పాకుతుందో ఆ పాదమే వీటికి రెండు రెక్కలుగా మారింది.

చల్లని సముద్రాల్లో వీటిలో రెండు రకాలు కలిసి ఉంటాయి. ఒకటి లిమాసినా. దీన్ని సముద్ర సీతాకోకచిలుక అంటారు. పల్చటి చిన్న గుల్ల ఉంటుంది. జిగురుతో వల అల్లి, దానికి అంటుకున్న సన్నని జీవుల్ని తింటుంది. రెండోది క్లయోనీ. దీనికి సముద్ర దేవదూత అని పేరు. పుట్టినప్పుడు గుల్ల ఉంటుంది గానీ కొద్ది రోజుల్లోనే ఊడిపోతుంది. ఒళ్లంతా గాజులాగ ఉంటుంది, లోపల ఎర్రగా పేగులు కనిపిస్తాయి. జపాన్‌లో హొక్కైడో దగ్గర చలికాలం మంచుగడ్డలు కొట్టుకొచ్చినప్పుడు ఇవీ వస్తాయి.

దేవదూత తినేది దాదాపు లిమాసినానే. తలలోంచి ఆరు కొమ్ముల్లాంటివి ఒక్కసారే బయటికి తీసి గుల్లని పట్టేస్తుంది. గుల్ల మూతిని తన నోటివైపు తిప్పుకుని, కొక్కేలతో లోపలి మాంసం మొత్తం లాగేస్తుంది. మా అమ్మ వాగు నత్తల్ని ఉడకబెట్టి పిన్నీసుతో లాగుతుంది. ఇది పచ్చిదే లాగుతుంది! దేవదూత అని పేరు పెట్టినవాళ్లు అది తినేటప్పుడు చూడలేదేమో.

దీనికీ కష్టం ఉంది. అంటార్కిటికా దగ్గరుండే దేవదూత ఒంట్లో చేపలకి పడని మందు ఉంది. చేప నోట్లో వేసుకుని ఉమ్మేస్తుంది. రొయ్యల జాతి చిన్న పురుగు ఒకటి ఈ సంగతి కనిపెట్టి, దేవదూతని పట్టుకుని వీపు మీద మోసుకు తిరుగుతుంది. అప్పుడు చేపలు పురుగునీ ముట్టవు. ఈ విషయం 1990లో శాస్త్రవేత్తలు రాశారు. పట్టుబడినంతసేపు దేవదూతకి తిండి లేదు. పాపం, దాన్ని ఎవరూ అడగలేదు.

ఇంకో పెద్ద కష్టం మనుషుల వల్ల. బొగ్గు, పెట్రోలు మండితే వచ్చే కార్బన్ డయాక్సైడులో నాలుగో వంతు దాకా సముద్రం పీల్చుకుంటుంది. అందుకని పైనీళ్ల పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది. ఇంతేనా అనుకోవద్దు. ఆమ్ల గుణం పావు వంతు పైనే పెరిగినట్టు లెక్క. నీళ్లు నిమ్మరసంలాగ పుల్లగా అయిపోలేదు, కానీ లిమాసినా గుల్ల సున్నపు పదార్థమే, అదీ తేలిగ్గా కరిగే రకం. 2008లో అంటార్కిటికా సముద్రంలో పట్టిన వాటిని సూక్ష్మదర్శినిలో చూస్తే, బతికుండగానే గుల్లలు కరుగుతున్నాయి. ఇది 2012లో అచ్చయింది.

లిమాసినాని సాల్మన్ చేపలూ తింటాయి. వాటికి వేరే తిండీ ఉంది. దేవదూతకే లేదు. ప్రయోగశాలలో ఒకటి ఏమీ తినకుండా 356 రోజులు బతికింది, కానీ రోజురోజుకీ చిన్నదైపోయింది.

గుల్ల ఎలా కరుగుతుందో చూడాలంటే, ఆదివారం గుడ్డు పెంకులు పారెయ్యకుండా నాకివ్వండి. నిమ్మరసంలో వేసి సైన్సు గది కిటికీలో పెడతాను. బుడగలు వస్తాయి. ఎవరూ తాగొద్దు.

— 9వ తరగతి విద్యార్థిని